పెద్దక్క మీద ఒట్టు

"చేతులు జేబులో పెట్టుకో," అన్నాడు గయాజ్.

హనుమప్ప అర్థం కానట్టు చూశాడు.

"ఆ గోళ్ళు చూడు, ఎంత గ్రీజో! జడ్జి వచ్చే వేళయింది. ఆయన ముందు నువ్వు ఉత్త డ్రైవర్‌వి. బండి కడిగావు, తుడిచావు, అంతే. మిగతాదంతా నేనే చేశాను. గుర్తుందా?"

"గుర్తుండాది సార్. మరి నా లీవు?"

"ముందు ప్రైజు రానీ. ఆ నిమిషమే సంతకం పెడతా, టికెట్టూ తీస్తా. రాలేదా, లీవూ మాఫీ, టికెట్టూ మాఫీ, రెండూ ఉండవు."

హనుమప్ప తల ఊపాడు. అతన్ని చంకనేసుకుని పెంచిన పెద్దక్క నాలుగు రోజులుగా అనంతపురంలో ఆస్పత్రి మంచం మీద ఉంది. పొద్దున ఫోన్‌లో డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. "చూడాలనుకుంటే త్వరగా రండి."

ఖతార్‌లో, అల్ సద్ అనే పేటలో ఒక పెద్ద దుకాణం వెనక పార్కింగ్ స్థలంలో పాత కార్ల పోటీ అది. ఇంట్లో బాగుచేసుకున్న బండ్లకే చోటు. గయాజ్ తెచ్చింది 1967 నాటి రెండు సీట్ల ఎమ్‌జీ. పద్నాలుగు నెలల కిందట ట్రక్కు మీద తుక్కులా దిగిన బండి, శుక్రవారం ఎండలో ఎర్రగా మెరుస్తోంది.

జడ్జి వచ్చాడు. తెల్లటి పొడుగు అంగీ వేసుకున్న ఖతారీ పెద్దాయన. చేతిలో ఫారాలున్నాయి.

"మా నియమం ఒక్కటే," అన్నాడు ఇంగ్లీషులో. "నిజం చెప్పాలి. మాట తేడా వస్తే బండి పోటీలోంచి బయటికే."

బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. "ఈ రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయని ఎలా తెలుసుకున్నారు?"

గయాజ్ నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు.

రెండడుగుల దూరంలో హనుమప్ప ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. "అలో, బావా! రబ్బరు పైపు తీసుకో. ఒక కొస చెవిలో పెట్టుకో, ఇంకో కొస దాని నోటికాడ పెట్టు. రెండిట్లోనూ బుస్సుమనే సప్పుడు ఒకే మాదిరి వచ్చేదాకా మర తిప్పుతా ఉండల్ల."

గయాజ్ గొంతు సవరించుకుని అదే ముక్క ఇంగ్లీషులో చెప్పాడు.

"బాగుంది. బ్యాటరీ వైరు?"

"అన్ని బండ్ల మాదిరి కాదు బావా! దీంట్లో ప్లస్సు వైరే బాడీకి బిగించల్ల."

గయాజ్ చెప్పాడు.

"కుడి చక్రం నట్టు ఎటు తిప్పితే బిగుస్తుంది?"

"ఎదురు తిప్పల్ల బావా, ఎదురు! ఎన్నిసార్లు చెప్పేది నీకు!"

"ఎదురు వైపు," అన్నాడు గయాజ్ ధీమాగా.

పెద్దాయన వెనక్కి తిరిగి హనుమప్ప చేతిలోని ఫోన్ కేసి చూశాడు. తెర నల్లగా ఉంది, అవతల ఎవరూ లేరు. ఒక ఫారం తీసి గయాజ్ చేతికిచ్చాడు.

"ఇందులో ఒక గడి ఖాళీగా ఉంది. నాతో డేరాలోకి వచ్చి నింపండి."

గయాజ్ వెళ్తూ వెళ్తూ తెలుగులో గొణిగాడు. "వాళ్ళు నిన్నేమడిగినా నాకేం తెలీదను. నోరు జారావో, ఇక మీ అక్కని ఫోటోలోనే చూసుకో."

పది నిమిషాల తర్వాత పెద్దాయన ఒక్కడే తిరిగొచ్చాడు. దూరంగా డేరాలో గయాజ్ ఎవరితోనో మాట్లాడుతూ కాఫీ తాగుతున్నాడు. ఇటు చూడటం లేదు.

"భయపడకు," అన్నాడు పెద్దాయన, అరబ్బీ యాస కలిసిన హిందీలో. "ఈ ఇంజను విప్పి బిగించింది ఎవరు?"

"సార్."

"తుప్పు కోసేసి కొత్త రేకు అతికింది?"

"సారే."

"చెయ్యి చూపించు."

హనుమప్ప జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. పెద్దాయన ముంజేతి మీద మచ్చను వేలితో తాకాడు. "ఇది వెల్డింగ్ నిప్పురవ్వ."

"కాదు సార్. రొట్టెల పెనం కాలింది."

"నేను షెడ్డులో పెరిగినవాణ్ణి. నాకు పెనం సంగతి చెప్పకు. నిజం చెబితే నీకు నష్టమేమీ లేదు."

నష్టం ఎంతో ఈయనకేం తెలుసు అనుకున్నాడు హనుమప్ప. నిజం చెబితే ప్రైజు పోతుంది. ప్రైజు పోతే లీవు పోతుంది. లీవు పోతే...

"నేనేమీ చెయ్యలేదు సార్. బండి తుడుస్తానంతే."

"అయితే ఒట్టు వెయ్యి. నీకు అందరికంటే ఎక్కువైన మనిషి మీద."

ఒకరి మీద అబద్ధపు ఒట్టు వేస్తే ఆ మనిషి దక్కదని హనుమప్ప ఊళ్ళో గట్టి నమ్మకం. చిన్నప్పుడు గోలీలాటలో కూడా అతను ఆ పని చెయ్యలేదు. ఏదైనా సైగ చేస్తాడేమోనని డేరా వైపు చూశాడు. గయాజ్ రెండో కప్పు అందుకుంటున్నాడు.

హనుమప్ప చెయ్యి నెత్తిమీద పెట్టుకున్నాడు.

"మా పెద్దక్క మీద ఒట్టు సార్. ఈ బండికి నేను ఒక్క నట్టు కూడా బిగించలేదు. అంతా మా సారే చేసినాడు."

కళ్ళు తుడుచుకుని, ప్రైజు వచ్చినట్టేనా అని ఆశగా చూశాడు.

పెద్దాయన మడతపెట్టిన ఫారం విప్పి అతని ముందు పట్టుకున్నాడు.

"సాయం తీసుకోవడం తప్పు కాదు, దాచడమే తప్పు అని చెప్పగానే, మీ సార్ ఈ ఖాళీ గడిలో నీ పేరు రాసి సంతకం పెట్టేశాడే!"