తిట్టే మనిషున్న ఇల్లు

"ఇల్లన్నా మార్పించండి మేడమ్, లేదంటే నన్ను మళ్లీ జైల్లోనే పడెయ్యండి."

పెరోల్ ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుంది. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న మనిషి బయటికొచ్చి నెల కూడా కాలేదు. వెల్డింగ్ షెడ్డులో కిటికీలకు ఇనుప గ్రిల్స్ చేస్తున్నాడు. ఒకప్పుడు అవే గ్రిల్స్ కోసి జనం ఇళ్లలో దూరిన ఘనుడు కాబట్టీ, మనిషి కూడా సన్నగా పొడుగ్గా ఉంటాడు కాబట్టీ షెడ్డులో అందరూ అతన్ని 'ఊచ' అని పిలుస్తారు.

"ఏం చేసిందయ్యా పెద్దమ్మ?"

"ఏం చెయ్యలేదో అడగండి. తడి తువ్వాలు మంచం మీద వేస్తే తిట్లు. పళ్లెంలో తిండి వదిలేస్తే తిట్లు. నిన్న తుమ్మినందుకు తిట్టింది మేడమ్! షెడ్డు నుంచి రాగానే జేబులు తిప్పి చూపించమంటుంది. జైల్లో వార్డర్లే నయం. వాళ్లకి డ్యూటీలన్నా మారేవి."

"ఏడింటికల్లా ఇంట్లో ఉంటున్నావా?"

"లేకపోతే బతకనిస్తుందా? ముందు నుంచే గుమ్మంలో కాపు కాస్తుంది."

"అయితే ఇల్లు మార్చను" అని తేల్చేసింది ఆఫీసరమ్మ.

పెరోల్ మీద వచ్చిన ప్రతి మనిషినీ ఆమె మొదట అడిగేది ఒకటే, ఇంట్లో తిట్టేవాళ్లున్నారా అని. మంచి ఉద్యోగం ఉండి కూడా మళ్లీ దొంగతనాలకు దిగినవాళ్లను ఆమె చూసింది. ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి చెడామడా తిట్టే మనిషి ఉన్నవాళ్లు మాత్రం చాలావరకు నిలబడ్డారు. ఊచకు నా అన్నవాళ్లు లేరు. అందుకే అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒంటరి ముసలావిడ ఇంట్లో వెనక గది ఇప్పించింది. ఇదేం ఏర్పాటని పై అధికారులు కళ్లెర్రజేస్తే, పూచీ నాదని చెప్పి ఒప్పించింది.

షరతులు మామూలువే. ఏడు దాటాక గేటు బయట కాలు పెట్టకూడదు, ఊరు దాటకూడదు, పాత స్నేహాలు కూడదు. ఒక్కటి తప్పినా శిక్షలో మిగిలిన రెండేళ్లూ ఊచ మళ్లీ ఊచలు లెక్కపెట్టాల్సిందే.

వారం వారం ఆఫీసరమ్మ ఇంటికొచ్చేది. అతనితో రెండు ముక్కలు మాట్లాడి, వంటగదిలో పెద్దమ్మతో చాలాసేపు కూర్చునేది. అవన్నీ తన మీద చాడీలేనని ఊచ బయట ఉడికిపోయేవాడు.

పోనుపోను అతనికి ఆ తిట్లు అలవాటయ్యాయి. నిప్పురవ్వలు పడి చెయ్యి కాలితే పెద్దమ్మ మందు రాస్తూ తిట్టేది. తిడుతూనే ఇంకొంచెం వడ్డించేది. పొరుగూళ్లో చెల్లెలి కూతురి పెళ్లికి రమ్మని ఎన్నిసార్లు ఫోన్లొచ్చినా ఆవిడ కదల్లేదు.

"నేను పోతే ఈ వెధవని కనిపెట్టుకుని ఉండేదెవరే?" అని చెల్లెలితో అనడం ఊచ విన్నాడు. తన కోసం ఒక మనిషి ప్రయాణం మానుకోవడం అతనెరిగినంతలో అదే మొదలు. ఆ రోజు పళ్లెంలో మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఒకరోజు చీకటి పడ్డాక పాత జతగాడు ఊడిపడ్డాడు.

"అన్నా, డాక్టరు గారిల్లు. ఇంటిల్లిపాదీ ఊళ్లో లేరు. గ్రిల్ మీ షెడ్డులో చేసిందే, ఎక్కడ కొయ్యాలో నీకంటే ఎవడికి తెలుసు? ఈ ఒక్కసారి వచ్చావంటే జన్మలో ఆ నిప్పుల్లో చేతులు కాల్చుకోనక్కర్లేదు."

వద్దనే మాట ఊచ నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఈలోగా పెద్దమ్మ చీపురుతో బయటికొచ్చింది.

"ఎవడ్రా నువ్వు? మనిషి మొహం చూడకుండా మేడ మీది కిటికీ చూస్తున్నావేం? చొక్కా కింద ఆ ఎత్తేంటి, స్క్రూడ్రైవరా? నీలాంటి సరుకుని బోలెడు చూశాన్లే!"

"నీకెందుకే ముసలిదానా?"

"నాకెందుకా? వాడు మళ్లీ లోపలికి పోతే రేపట్నుంచి నేనెవర్ని తిట్టుకోవాలిరా?"

ఆ మాటతో ఊచకు నోరొచ్చింది. "విన్నావుగా. నేను రాను. ఇంకోసారి ఈ ఛాయలకొస్తే పెద్దమ్మకి చీపురు నేనే అందిస్తా" అన్నాడు.

జతగాడు తోక ముడిచాడు. పెద్దమ్మ గేటు దాకా తరిమి, అక్కడ టక్కున ఆగిపోయి, వీధి చివరిదాకా వినబడేలా వాణ్ని దులిపేసింది. తర్వాత వెనక్కి తిరిగి, రానని చెప్పడానికి అంతసేపా అని ఊచకు చురక అంటించింది. ఊచ కడుపారా నవ్వాడు.

రెండేళ్లూ గడిచాయి. చివరిసారి ఆఫీసుకొచ్చిన ఊచ కుర్చీలో నిండుగా కూర్చున్నాడు. ఇప్పుడతను షెడ్డులో పెద్ద మేస్త్రీ.

"అయిపోయిందయ్యా. ఇవాళ్టితో నీ పెరోల్ పూర్తి. నీకిష్టమైన చోట ఉండొచ్చు" అంది ఆఫీసరమ్మ. "ఓనరు షెడ్డు మీద గది ఇస్తానన్నాడటగా?"

"అన్నాడు. నేనే వద్దన్నాను. పెద్దమ్మని వదిలి ఎక్కడికి పోతాను మేడమ్? తిట్టడానికి మనిషి లేకపోతే ఆవిడ ఉండలేదు."

ఆఫీసరమ్మ కళ్లు చెమర్చాయి. "ఈ మాట నేనే అడుగుదామనుకున్నాను. ఇంకో ఏడాది ఆవిడతో ఉండు, చాలు."

"ఏడాదేంటి మేడమ్? ఏడాదే ఎందుకు?"

ఆమె లేచి వెళ్లి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నీకు చెప్పొద్దని ఆవిడ నా దగ్గర ఒట్టేయించుకుంది. ఇక చెప్పక తప్పదు."

"ఏంటి మేడమ్?"

"ఆవిడ పెరోల్ అయ్యేది అప్పుడే."