రాక్షసుడి మైదానం

భవాని గేటు దాటి మైదానంలోకి రావడం చూసి రాజేశ్వర్ రావు విజిల్ ఊదడం మరిచిపోయాడు.

ఆమె టీవీలో మాట్లాడి నెల కూడా కాలేదు. పరుగు మానేసి చాలా ఏళ్లయినా, ఆసియా పోటీల్లో పతకం తెచ్చిన ఆడపిల్ల అంటే వరంగల్‌లో ఇప్పటికీ ఆమే. మీ కోచ్ గురించి చెప్పండి అని అడిగితే, "మా సారు రాక్షసుడు" అన్నది. నవ్వుతూ అనలేదు. తాడుతో వీపు వాచేలా కొట్టిన సంగతి, జ్వరం ఒంటితో ఎండలో పరిగెత్తించిన సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

మర్నాటి నుంచి ఆయన్ను ఊరు చూసే చూపు మారింది. టీ హోటల్ దగ్గర రోజూ పలకరించేవాళ్లు తల తిప్పుకున్నారు. కొందరు తమ పిల్లలను ప్రాక్టీసు మాన్పించారు. ఆయన భార్య వరలక్ష్మి పేరంటాలకు వెళ్లడం మానేసింది. రాజేశ్వర్ రావు మాత్రం ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. ఏమని ఇస్తాడు? ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

ఇప్పుడు ఆమే వచ్చింది. కారు గేటు బయట ఆపి, నేరుగా ఆయన దగ్గరికి నడిచింది. నమస్కారం పెట్టలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. భవానక్క వచ్చిందంటూ ఆడపిల్లలు సెల్ఫీల కోసం చుట్టుముడితే, ప్రాక్టీసు టైంలో ఫోన్లేమిటని కసిరింది. వాళ్లు బిక్కమొహాలతో మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లారు. కాసేపటికి ఆ సంగతి మరిచిపోయి ఒకరినొకరు తోసుకుంటూ ఉరకసాగారు.

భవాని చేతులు కట్టుకుని చూసింది.

"వీళ్లు నవ్వుకుంట ఉరుకుతాండ్లేంది సార్?"

ఎత్తిపొడుపని ఆయనకు అర్థమైంది.

"తాడేది?"

"పడేసిన బిడ్డా. చాన ఏండ్లాయె."

జ్వరమొస్తే ఏం చేస్తారని అడిగింది. ఇంటికి పంపిస్తానన్నాడు. ఓడిపోయి వస్తే? ఇంకోసారి గెలుద్దురు లెమ్మంటానన్నాడు. ఒక్కో జవాబుకు ఆమె దవడ బిగుసుకుంటున్నది. నమ్మడం లేదనుకున్నాడు. మళ్లీ టీవీకెక్కడానికి కూపీ లాగుతున్నదనుకున్నాడు. కావాలంటే పిల్లలనే అడగమన్నాడు.

ఆమె నిజంగానే ఒక పొడుగాటి పిల్లను కేకేసి, సారు కొడతాడా అని నిలదీసింది. ఆ పిల్లకు నవ్వాగలేదు. సారు తిట్టను కూడా తిట్టడని చెప్పింది. భవాని ఆ పిల్లను కొరకొరా చూసింది. తనకు దక్కనిది ఈ పిల్లకు దక్కిందని ఉడుకుతున్నదేమో అనుకున్నాడు రాజేశ్వర్ రావు.

పిల్లలను ఇళ్లకు పంపేశాడు. ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన మాట ఈ రోజు చెప్పేయాలనుకున్నాడు.

భవాని తండ్రి యాకయ్య ఎనుమాముల మార్కెట్లో హమాలీ. మిర్చి బస్తా మోస్తూ కుప్పకూలి చనిపోయాడు. ఆ కబురు, భవానిని పోటీలకు ఢిల్లీ తీసుకెళ్లిన రాజేశ్వర్ రావుకు ఒక సాయంత్రం అందింది. తెల్లవారితే నేషనల్స్ ఫైనల్. ఆయన కబురు దాచేశాడు. ఏమీ తెలియని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించాడు. ఆమె పరిగెత్తింది, బంగారు పతకం గెలిచింది. ఆ పతకమే ఆమెను ఇండియా క్యాంపుకు తీసుకుపోయింది. తండ్రి చావు మాత్రం మెడలో ఆ పతకం పడ్డాకే తెలిసింది. ఇల్లు చేరేసరికి చితి చల్లారింది.

ఆ తర్వాత కూడా ఆమె ఆయన దగ్గరే పరుగు నేర్చింది. కానీ అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. టీవీలో అన్నీ చెప్పింది గానీ, ఈ ఒక్కటీ చెప్పలేదు.

"తప్పు జేసిన భవాని" అన్నాడు. "మీ నాయిన సంగతి నీకు ఆ రాత్రే చెప్పాల్సింది."

"చెప్తే నేను ఉరికేదాన్నా?"

"లేదు."

"మరి మెడల్?"

"మెడల్ పోతే పోతుండె బిడ్డా. నాయిన మొఖం సూస్కునేదానివి. ఆఖరుకు మెడల్ల ఏమున్నది?"

ఆయన రెండు చేతులూ జోడించాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. లేదంటే చెంప మీద కొడుతుందనుకున్నాడు. దేనికైనా సిద్ధంగానే ఉన్నాడు. ఆమె రెండూ చేయలేదు. జోడించిన ఆ చేతులను అసహ్యంగా చూసింది. అంత విషం ఆమె కళ్లలో తండ్రి చావు తెలిసిన రోజు కూడా ఆయన చూడలేదు.

"మీరు గిట్లయితరనుకోలె సార్" అని గిరుక్కున తిరిగి నడిచింది.

ఇంకా ఏమన్నా అంటే అననీ, మనసులో మిగుల్చుకోకుండా వెళ్లనీ అనుకుంటూ ఆయన వెనకాలే గేటు దాకా వెళ్లాడు.

కారు వెనుక తలుపు తీసి, కొత్త ట్రాక్‌సూట్‌లో దిగడానికి సిద్ధంగా కూర్చున్న పదేళ్ల కూతురితో భవాని, "దిగకు దీపా, ఈ సారు ఇప్పుడు కొడ్తలేడట" అన్నది.