నీళ్ల గిన్నె

"రెండు దిక్కుల క్లిప్పులు పడ్డయా లేదా, జర చూసి చెప్పు దీపా" అన్నాడు నరేందర్, గాజుతొట్టి మీద జాలీ మూత నొక్కి పట్టుకుని.

దీప గడప అవతలి నుంచే మెడ సాచి చూసింది. "పడ్డయ్. నేనైతే లోపలికి రాను. ముందే చెప్పిన."

"పాము ఇంకా రానే లేదు."

"వచ్చినంక అసలే రాను."

ఆమెది ఉత్తుత్తి భయం కాదు. చిన్నప్పుడు పొలం దగ్గరి గుడిసె చూరులోంచి పాము ఒళ్లో పడింది. ఆ తర్వాత బడిపుస్తకంలో పాము బొమ్మ ఉన్న పేజీని కూడా ముట్టుకునేది కాదు. అయినా పెళ్లయ్యాక మొగుడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటేనని, వెనక గదిలోకి తనను పిలవకూడదన్న షరతు మీద ఒప్పుకుంది.

నరేందర్‌ది నాచారంలోని మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగం. ఒక్కో సాంపిల్‌ను మూడుసార్లు చూస్తే గానీ సంతకం పెట్టడు. పాముకు ఇల్లు కూడా అలాగే కట్టాడు. ఉప్పల్‌లో చేపల తొట్లు చేసే కొట్టువాడి పక్కన కూర్చుని మరీ తొట్టి చేయించాడు. అడుగున కొబ్బరి పొట్టు పరిచాడు. ఒక కొసన కింద వేడినిచ్చే పలక పెట్టి, రెండో కొస చల్లగా వదిలేశాడు, దానికి ఎటు హాయిగా ఉంటే అటు పోతుందని. దాక్కోవడానికి సగం పగిలిన కుండ, తాగడానికి బరువైన పింగాణీ గిన్నె.

ఆదివారం సైనిక్‌పురి నుంచి అతని స్నేహితుడు తేజేష్ కార్న్ స్నేక్‌ను తెచ్చాడు. వేలంత లావుంది. నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు. విషం లేదు.

"మూత ఒక్కటి జాగ్రత్త. చిన్న సందు దొరికినా జారుకుంటుంది" అని చెప్పి వెళ్లాడు తేజేష్.

నరేందర్ తల్లి లక్ష్మీనర్సమ్మ రెండు చేతులెత్తి పాముకు మొక్కింది. భర్త పోయాక ఆమె ముఖంలో నవ్వు కనబడటం అదే మొదలు.

"ఇంటికి నాగన్నొచ్చిండు బిడ్డా. పాలు పోస్త."

"అమ్మా, ఇది మన నాగుపాము కాదే, అమెరికా పాము. దూపైతే పాలు గూడ తాగుతది. తాగి అరగక చస్తది. నీళ్లే పొయ్యాలె. సమజైందా?"

"సరే తియ్" అంది ఆమె. గడప అవతల దీప కూడా విన్నది.

సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే చొక్కా అయినా మార్చకుండా తొట్టి ముందు కూర్చునేవాడు నరేందర్. పాము కుండలోంచి తల బయటపెట్టి నాలుక ఆడించేది. గిన్నెలో నీళ్లు తేటగా, నిండుగా ఉండేవి. అది చూసి అతనికి ప్రాణం లేచొచ్చేది.

కానీ చిన్న చిన్న తేడాలు కనబడసాగాయి. గిన్నె పెట్టినచోట ఉండదు. దాని చుట్టూ కొబ్బరి పొట్టు తడిసి ఉంటుంది. ఒకరోజు తొట్టి వెనక వంటింటి పట్టకారు దొరికింది.

"ఇది ఈడికెట్లొచ్చింది?"

"ఏమో" అంటూ దీప దాన్ని లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏదో దాస్తోందని పసిపిల్లలకైనా తెలిసిపోతుంది. పాము మెడ నొక్కేద్దామని చూస్తోందా అన్న పాడు అనుమానం అతనికి అప్పుడే పుట్టింది.

తెలంగాణ ఇస్తున్నారని టీవీలో చెప్పిన సాయంత్రం వీధంతా పటాకులు. నరేందర్ మిఠాయి డబ్బాతో వచ్చేసరికి తొట్టి ఖాళీగా ఉంది. మూతకు ఒక పక్క క్లిప్పు పడలేదు. ఇల్లంతా గాలిస్తే పాము బియ్యం డ్రమ్ము వెనక చుట్ట చుట్టుకుని దొరికింది. నయం, ప్రాణంతోనే ఉంది.

"మూత తీసింది నువ్వేనా?" అన్నాడు దీపతో.

దీప ఒకసారి దేవుడి గూటి వైపు చూసింది. అక్కడ లక్ష్మీనర్సమ్మ కళ్లు మూసుకుని జపం చేసుకుంటోంది.

"ఔ. నేనే."

"రోజూ తీస్తున్నవా?"

"ఔ."

"పట్టకారు గూడ గందుకేనా?"

"గందుకే."

"ఇష్టం లేకుంటే మొకం మీద చెప్పాలె. మూగజీవిని గిట్ల దొంగచాటుగ చంపజూస్తరా ఎవలన్న? నీ మనసుల గింత విషముందని తెల్వదు నాకు."

ఎందుకు తీశావని మాత్రం అడగలేదు. సాంపిల్‌ను మూడుసార్లు చూసే మనిషి, పెళ్లాం ముఖం ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. ఆ మాట అన్నందుకు తర్వాత ఎంత కుమిలిపోయినా అది వెనక్కి రాలేదు.

మర్నాడు తేజేష్‌ను పిలిచి పామును ఇచ్చేశాడు. ఆ మధ్యాహ్నమే దీప సంచిలో రెండు చీరలు పెట్టుకుని మేడిపల్లిలో ఉన్న అక్క ఇంటికి బయల్దేరింది. "మీ కోపం పోయినంక ఫోన్ చెయ్యుండ్రి" అంది. అతను చెయ్యలేదు.

నాగుల పంచమి నాడు వెనక గదిలో అలికిడైతే వెళ్లి చూశాడు. ఖాళీ తొట్టి ముందు లక్ష్మీనర్సమ్మ పాలచెంబు పట్టుకుని ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?"

"నువ్వొద్దంటున్నా పాలు పోసిన కొడుకా. నువ్వు డ్యూటీకి పోంగనే గిన్నెల నీళ్లు పారబోసి, పాలు పోసి, మూత పెట్టి గుడికి పోతుంటి."

"రోజూ పోసినవా? మరి నేనొచ్చి చూస్తే ఎన్నడు జూసినా నీళ్లే ఉండె కదనే!"

"గదేరా మహిమ!" లక్ష్మీనర్సమ్మ కళ్లు తుడుచుకుంది. "గుడి నుంచి నేనొచ్చేటాళ్లకు చుక్క పాలు మిగిలేటివి కావు. గిన్నె తళతళ కడిగి, మంచినీళ్లు నింపి పెట్టెటోడు నాగన్న. మీ నాయిన పోయినంక గా సంబురంతోటే బతికిన."

నరేందర్ ఆ గిన్నె వైపే చూస్తూ నిలబడిపోయాడు.

ఆ వేళప్పుడు ఇంట్లో దీప ఒక్కతే ఉండేది.