ఇంకో రెండు తడులు

"నాయినా, దగ్గరికి రాకు! ఇంకా పొగ లేస్తాంది" అని దయాకర్ మోటరు గుడిసెలోంచి అరిచాడు.

సోమనర్సయ్య గట్టు మీదే ఆగిపోయాడు. తెల్లవారుజాము గాలి చల్లగానే వీస్తోంది, అయినా ఒళ్లంతా చెమట. తువ్వాలతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

వెనకాలే భార్య రాజమణి పరుగెత్తుకొచ్చింది. "మోటరు కాలిందా? అయ్యో, వరి పాలు పోసుకుంటాంది గదయ్యా! ఇంకో రెండు తడులైతే పంట చేతికందు!" అని నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది.

ఆమె ఏడుపు ఒక్క వడ్ల కోసమే కాదు. దయాకర్ హైదరాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. దేవరుప్పుల పక్క పల్లెలో రైతు కొడుక్కి ఇదేం పిచ్చి అని నవ్వనివాళ్లు లేరు. "సైకిలు కొననోడు ఇమానం తోలుతడట!" అని హోటలు కాడ ఒకటే ఇకఇకలు. వాళ్ల మీద పంతానికి సోమనర్సయ్యే ముందు మెట్ట చెలక అమ్మాడు, పోయిన దసరాకు ఎద్దులనూ అమ్మాడు. ఇక అమ్మడానికి ఏమీ లేదు. ఈ యాసంగి వరి మీదే ఆఖరు ఫీజు. వచ్చే నెలాఖరుకు కట్టకపోతే క్లబ్బువాళ్లు పేరు కొట్టేస్తారు, ఇన్నాళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

జనగామ నుంచి మోటర్ల మెకానిక్ యోహాను వచ్చేసరికి పొద్దెక్కింది. ఫ్యూజు పెట్టె తెరిచి, ఒక్క చూపు చూసి నాలిక చప్పరించాడు.

"ఇంత లావు తీగ ఎవలు కట్టిన్రన్నా?"

"నేనే" అన్నాడు సోమనర్సయ్య, నేల చూపులు చూస్తూ. "సన్నది కడితె ఊకె తెగుతాంది. ఎన్నిమాట్లని కడుదు?"

"ఏ బాయికాడికి పోయినా గిదే కథ! కరెంటు ఎక్కువ తక్కువైతె తీగ తెగాలె, మోటరు బతకాలె. మీరేమో తీగను బతికిచ్చి మోటరును సంపుతున్రు." యోహాను చేతులు దులుపుకున్నాడు. "లోపలి రాగి తీగ చుట్టంతా మాడిపోయింది. కొత్తగ చుట్టాలె. దుకాణంల ముందునుంచే మస్తు మోటర్లున్నయి. పక్షం రోజులు పడ్తది."

"పక్షం రోజులకు వరి ఉంటదా? పశులకు గడ్డైతది!" అంది రాజమణి.

దయాకర్ తండ్రి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "పరేషాన్ గాకు నాయినా. అందరు కట్టేదే నువ్వూ కట్టినవ్."

ఆ మాటకు సోమనర్సయ్య కొడుకు కళ్లలోకి చూడలేకపోయాడు.

"ఓ బిడ్డా, మీ నాయిన మొకం సూడు, ఎట్ల పాలిపోయిందో" అంది రాజమణి. "అరవైతొమ్మిదిల మీ అన్న శ్రీపాల్ తెలంగాణ జులూసుకు పోతనంటె 'పోయి రా బిడ్డా' అని ఈయనే పంపిండు. తుపాకి దెబ్బకు మళ్ల రాకపాయె. నిన్నన్న నిలబెట్టుకోవాలని ఈయన పాణం కొట్టుకుంటాంది."

సోమనర్సయ్య కొడుకు వైపు తిరిగాడు. "దయాకరూ, మనతోని గాదుర. ఇడిసిపెట్టు. డోర్నకల్ల మీ చిన్నాయిన రైల్వేల పని సూస్తనన్నడు. ఇంత నీడ పట్టున, నేల మీద బతుకుదువు."

"ఇప్పుడిడిస్తె ఎట్ల నాయినా? సార్ పక్కన కూసొని నేర్పుడు అయిపోయింది. ఈసారి పోతె ఒక్కన్నే నడుపుడు. చిన్నప్పటి సంది దానికోసమే గద!"

"ఒక్కనివేనా?" అన్నాడు సోమనర్సయ్య. సెలవు మీద వచ్చిన రోజునా కొడుకు ఈ ముచ్చటే చెప్పాడు, అప్పుడూ తండ్రి ఇదే అడిగాడు.

"ఒక్కన్నే. సార్ కింద నిలబడి సూస్తడు." దయాకర్ చటుక్కున కదిలాడు. "మామకాడ ఆయిలింజనున్నది. పోయి తెస్త."

"అది పాతదిర! మూలకు పడ్డది. వాడు ఇయ్యడు కూడ."

"కాళ్లు పట్టుకుంట. ఇయ్యకేం జేస్తడు?"

"వద్దన్నగద!" తండ్రి కేక పెట్టాడు, గొంతు చీరుకుపోయింది. అప్పటికే దయాకర్ గట్టు దిగి ఉరుకుతున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చే వేళకు మామ బండి మీద ఇంజను దిగింది. దాన్ని బావి గడ్డకు చేర్చేసరికి అందరికీ చుక్కలు కనబడ్డాయి. యోహాను తిట్టుకుంటూనే పైపులు బిగించాడు. దయాకర్ హ్యాండిల్ తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ దగ్గింది. సోమనర్సయ్య ఊపిరి బిగబట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టాడు.

మూడోసారి ఇంజను డబడబమంటూ అందుకుంది. పైపులోంచి నీళ్లు దుమికాయి. ఎండి నెర్రెలు బారుతున్న మడి గటగటా తాగింది.

"అవ్వా, పారుతానయ్!" అని తల్లికి కేకేస్తూ దయాకర్ చేతులు రెండూ రెక్కల్లా చాచి గట్టు మీద చిన్నపిల్లాడిలా పరుగెత్తాడు.

సోమనర్సయ్య ఉన్నచోటే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. రాజమణి దోసెడు నీళ్లు తెచ్చి ఆయన మొహం మీద చల్లింది.

"గింత భయపడితె ఎట్లయ్యా? పంట దక్కింది. ఇగ నీ కొడుకు ఒక్కడే ఎగురుతడు!"

ఆయన ఏడుపు ఇంకా ఎక్కువైంది.

మోటరును ఆయన కావాలనే కాల్చాడు.