ఒకే ప్లగ్గు

"నేను సభాధ్యక్షుణ్ణమ్మా! ఫోన్లో రెండు శాతమే ఛార్జింగుంది!"

"ఎవరైతేనేం బాబూ, మీది ఆరో నంబరు," అంది వరండా ఊడుస్తున్న ఆయమ్మ.

ఆ భవనంలో పనిచేసే ప్లగ్గు ఆ వరండాలోదొక్కటే. వరసలో నిలబడ్డది, సముద్రంలో చేపల వాటాల కోసం మూడు రోజులుగా కాట్లాడుకుంటున్న దేశాల ప్రతినిధులే. ఇప్పుడు భుజాలు చరుచుకుని నవ్వుకుంటున్నారు.

"ఎవరు పెట్టారీ రూలు?"

"వాళ్ళే! తలా పది నిమిషాలు. మించితే వరస చివరికి. ఇందాక పెద్ద దేశపాయనే వెళ్ళాడు, కిక్కురుమనకుండా."

అధ్యక్షుడికి నవ్వాగలేదు. రెండొందల పేజీల ముసాయిదా చంకలో పెట్టుకుని, "కుర్చీలన్నీ ఇక్కడికే లాక్కురండి! సముద్రం సంగతీ ఈ వరసలోనే తేల్చేద్దాం!" అని కేకేశాడు.

"తేల్చండి బాబూ," అంది ఆయమ్మ, "మీ నంబరు మాత్రం ఆరే."