మెత్తని పట్టు

“నేను పరిగెత్తను. మోకాళ్లు నొప్పి. ఇక్కడే కూర్చుని ఆడదాం,” అంది పిట్ట.

ఆ మాట చెవిన పడగానే తల్లి ప్రాణం ఉసూరుమంది. పొద్దున బస్సు కోసం తనకంటే ముందు ఉరికిన పిల్ల ఇదేనా? సరిగ్గా పరీక్ష రోజే ఈ మోకాళ్లకేం వచ్చింది?

ఆస్పత్రిలో పరిశోధన విభాగం ముందున్న వసారా అది. ఒక వైపు బెంచీల మీద కీళ్లవాతం పిల్లలు, ఎదురుగా గుండె జబ్బుతో పుట్టిన పిల్లలు. రెండు జబ్బులకూ అక్కడ కొత్త వైద్యం పరీక్షించి చూస్తున్నారు. పిట్టతో ఆడుతున్నవాడు ఎదుటి బెంచీవాడు. వసారాలో అందరూ వాణ్ణి గుండెబాబు అంటారు.

“పరిగెత్తావంటే ఆయాసం వస్తుందిరా, చెబితే వినవు,” అని వాడి తాత అప్పటిదాకా కసురుతూనే ఉన్నాడు. పిట్ట కూర్చోగానే వాడూ పక్కన చతికిలబడ్డాడు. తాత తేలిగ్గా ఊపిరి తీసుకుని తల్లి వైపు తిరిగాడు.

“మావాడి గుండెకి పుట్టుకతోనే చిల్లమ్మా. అందుకే కాబోలు, ఏ మాటా లోపల నిలవదు. ఇంటి గుట్టంతా వీధిలో పెడతాడు.”

తల్లి నవ్వలేక నవ్వింది. ఆమె కళ్లు పిట్ట చేతుల మీదే ఉన్నాయి. ఒకప్పుడు ఆ చేతులు పొద్దున లేచేసరికి కొయ్యబారిపోయి ఉండేవి. వేడినీళ్ల గ్లాసు చుట్టూ ఆనించి, వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చేది. గౌను బొత్తాలు తనే పెట్టేది, అన్నం తనే తినిపించేది. ఈ కొత్త మందు మొదలుపెట్టాకే పిల్ల తన జడ తాను వేసుకుంటోంది. ఆ మందేమో ఇంకా దుకాణాల్లోకి రాలేదు. ఇక్కడ పరిశోధనలో ఉన్న పిల్లలకే ఇస్తారు. పని చేయడం లేదనుకుంటే ఆపేస్తారు.

లోపల గదిలో నర్సు రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. తాగదు, కింద పెట్టదు. బయట ఇంతమంది పడిగాపులు పడుతుంటే ఈవిడకెంత తీరుబడో అనుకుంది తల్లి.

“రా పిట్టా. ఈ మందు సీసా మూత కాస్త తీసిపెట్టవూ?” అంది నర్సు.

పిట్ట మూత గిర్రున తిప్పి చేతికిచ్చింది. జబ్బుపిల్లతో చాకిరీ ఒకటి తక్కువైంది అనుకుంది తల్లి, పైకి మాత్రం అనలేదు. అవసరం తనది.

డాక్టరు వచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని పిట్ట కీళ్లన్నీ నొక్కి చూశాడు.

“వాపు లేదు. మోకాళ్లూ బాగానే ఉన్నాయే! ఇందాక నొప్పన్నావట?”

పిట్ట తలుపులోంచి బయట ఉన్న గుండెబాబు వైపు చూసింది.

“సరే. పట్టు చూడండి సిస్టర్.”

చేతి పట్టు కొలిచే యంత్రం పాడై మూలన పడింది. కొత్తది వచ్చేదాకా నర్సు వేళ్లే యంత్రం. ఆమె రెండు వేళ్లు చాచి, “నీ బలమంతా పెట్టి నొక్కు పిట్టా,” అంది. పిట్ట ఆ వేళ్లను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

“ఎలా ఉంది?”

“మెత్తగానే ఉంది సార్. పోయినసారిలాగే.”

డాక్టరు నిట్టూర్చాడు. “వాపు తగ్గినా బలం రావట్లేదమ్మా. పని చేయని మందును పసిదాని ఒంట్లోకి ఎక్కించకూడదు. ఇవాళ్టితో ఆపేద్దాం.”

“అయ్యో, మళ్లీ మొదటికొస్తుంది డాక్టర్ గారూ! ఇంట్లో తడి తువ్వాలు నాకంటే గట్టిగా పిండుతుంది. ఇందాక ఇక్కడే సీసా మూత తీసింది.”

“తల్లులందరూ ఇలాగే అంటారు. మీ ఆశ నాకు తెలియంది కాదు.”

“ఆశ కాదు. మీ వేళ్లు ఇవ్వండి. ఒక్కసారి.”

ఈమెతో వాదించే ఓపిక లేక డాక్టరు చేయి చాచాడు. “ఊఁ, నొక్కవే,” అంది తల్లి.

“అబ్బా!” అని ఆయన ఎగిరిపడ్డాడు. నుదుటి మీది కళ్లజోడు జారి ముక్కు మీద పడింది. వేళ్లు విదిలించుకుంటూ నర్సు వైపు తిరిగాడు.

“ఏంటి సిస్టర్ ఇది? మీ మాట నమ్మి మందు ఆపేయబోయాను!”

“నాకు నిజంగా మెత్తగానే అనిపించింది సార్. ఉన్నదే చెప్పాను.” నర్సు చేతులు మెల్లగా కోటు జేబుల్లోకి వెళ్లిపోయాయి.

ఇన్నాళ్ల అలసట అంతా తల్లి గొంతులోకి వచ్చింది. “ఉన్నదే చెప్పారా? నా బిడ్డ మీద మీకేం పగమ్మా? మూతలు తీయించుకోవడానికి మాత్రం దాని చేతుల్లో బలం కనబడిందా?”

నర్సు తల దించుకుంది.

“అక్కని తిట్టకమ్మా,” అంటూ పిట్ట తల్లి చేయి పట్టి లాగింది.

“నువ్వుండు! అసలు నిన్ననాలి. డాక్టర్ గారి వేళ్లు విరిచినంత పని చేశావే, ఆవిడ వేళ్లు ఎందుకు నొక్కలేదు?”

పిట్ట ఒకసారి నర్సు జేబుల వైపు చూసింది. తర్వాత తల్లిని కిందికి వంచి చెవిలో చెప్పింది.

“పాపం, అక్కకీ నా జబ్బేనమ్మా.”