మామగారు పట్టుకున్న హంతకులు

"ఆగు! వంటవాడే హంతకుడు. పందెం!"

మామగారు కుర్చీ చేతిమీద చరిచారు.

పుస్తకం చదువుతున్న మనిషి ఆగాడు. దగ్గాడు. చివరి పేజీలకు వెళ్ళి కాసేపు చూశాడు.

"వంటవాడేనండీ," అని, వాడు దొరికిపోయిన ఘట్టం చదివి వినిపించాడు.

"విన్నావా అమ్మాయ్! కళ్ళు పోయాయి గానీ బుర్ర పోలేదు!"

వంటింట్లో ఉన్న కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

ముప్పై ఏళ్ళు ఇనస్పెక్టరుగా చేసిన మనిషికి రెండు కళ్ళూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. అప్పట్నుంచి గోడకేసి తిరిగి పడుకోవడమే పని. కంచం ముందు పెడితే "ఎందుకు నాకు" అని తోసేసేవారు. ఇలాగే ఉంటే నెల తిరక్కుండా పోతారని డాక్టరు చెప్పేశాడు.

ఆయనకు డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. ఎవరైనా చదివి వినిపిస్తే బాగుణ్ణని కోడలు అద్దెపుస్తకాల షాపులో అడిగింది. మంచాన పడ్డ మనిషికని షాపతను డజను పుస్తకాలు ఒకేసారి ఇచ్చాడు. మర్నాడే ఈ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. నెరిసిన గడ్డం, మోచేతుల దగ్గర అతుకులేసిన చొక్కా.

మామగారు పేరైనా అడగలేదు. "గొంతు" అని పిలిచేవారు.

గొంతంటే గొంతే మరి.

"'ఈ ఊళ్ళో నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే,' అన్నాడు డిటెక్టివ్, తడిసిన కోటు విప్పకుండానే. 'ఒకడు తాగి పడున్నాడు. రెండోవాడు చచ్చి పడున్నాడు.'"

అతను బొంగురుగా అలా చదువుతుంటే పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా కోడలికి తెలిసేది కాదు.

మామగారు తొడ చరిచేవారు. "అదీ మాటంటే! మళ్ళీ చదువు."

మళ్ళీ చదివేవాడు. విసుగన్నది ఎరగడు.

పదకొండు నవలలు అయ్యాయి. పదకొండుసార్లూ హంతకుణ్ణి మామగారే ముందు చెప్పారు. ఆయనకు తిండి సయించింది. గడ్డం గీయించుకున్నారు. పాత కేసులు కూడా బయటికి తీశారు.

"మిల్లు ఓనరు భార్య హత్య కేసు విన్నావుటయ్యా గొంతూ? పొద్దున హత్య, సాయంత్రానికల్లా వాళ్ళ కారు డ్రైవరు లాకప్పులో! మొహం చూసి చెప్పేశాను. వాణ్ణి నోరు విప్పనిస్తేగా!"

అతను కాసేపు దగ్గాడు. తర్వాత పేజీ తిప్పాడు.

పన్నెండో నవల సగంలో మామగారు ఎప్పటిలాగే అడ్డొచ్చారు.

"తోటమాలి! సందేహం లేదు!"

అతను చివరిదాకా చదివాడు. హంతకుడు తోటమాలి కాదు. లాయరు.

"సరిగ్గా చదివావా?"

"ఈసారి సరిగ్గానే చదివానండీ."

"నేను తప్పు చెప్పడమా? ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్కసారీ తప్పలేదయ్యా!"

"ఒక్కసారి కూడానాండీ?"

మామగారి చెయ్యి కుర్చీమీద ఆగిపోయింది.

"ఒక్కసారి కూడా," అన్నారు చివరికి. "అయినా నన్ను నిలదీయడానికి నువ్వెవడివి? లే! మళ్ళీ ఈ గడప తొక్కావంటే ఊరుకోను!"

అతను పుస్తకం బల్లమీద పెట్టాడు. కోడలికి నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. దగ్గు వీధి చివరిదాకా వినపడింది.

మామగారు మళ్ళీ గోడకేసి తిరిగారు. రెండు రోజులు పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు.

మూడో రోజు కోడలు తిరిగివ్వడానికి పుస్తకాలు సర్దుతోంది. అద్దెపుస్తకాలు చదివే కొంటెవాళ్ళ సంగతి తెలిసిందే. తరవాత చదివేవాడి సరదా చెడగొట్టడానికి మొదటి పేజీలోనే పెన్సిల్తో హంతకుడి గుట్టు రాసేస్తారు.

"హంతకుడు తమ్ముడు. ఊరికే శ్రమపడకు" అని ఉంది ఒకదాంట్లో.

అది వంటవాడి నవల. ఎవడో వేళాకోళం చేశాడనుకుని చివరి పేజీ తీసింది. తమ్ముడే.

గబగబా రెండోది తీసింది. మూడోది తీసింది. మామగారు పట్టుకున్న వంటవాడూ, ఆయా, కాపలావాడూ, పనిమనిషీ అందరూ నిర్దోషులే. పదకొండు పుస్తకాల్లోనూ హంతకుడు వేరే. ఓ ముసలాయన నాలుగు ముద్దలు తినడం కోసం అతను అప్పటికప్పుడు కథలు అల్లి చదివాడు. అలాంటివాణ్ణి మెడపట్టి గెంటినంత పని చేశాం కదా అనుకుంది.

మామగారి దగ్గర దాచలేకపోయింది. అంతా చెప్పేసింది.

ఆయన మంచం దిగి కుర్చీలో కూర్చున్నారు.

"ఒక్కసారి తప్పానమ్మా," అన్నారు. "తప్పానని తెలిసి కూడా నోరు మూసుకున్నాను. అది వాడికి చెప్పుకోవాలి. పిలిపించు."

కబురు పంపితే షాపతనే వచ్చాడు.

"నిన్న పోయాడమ్మా. ఊపిరితిత్తులు. జైల్లో పట్టుకున్న దగ్గు."

"జైలా?" అంది కోడలు.

"చెయ్యని నేరానికి పన్నెండేళ్ళు. చదువు నేర్చుకున్నదీ అక్కడే. తోటి ఖైదీలకి ఈ నవలలే చదివి వినిపించేవాడట. అయ్యగారి పేరు చెప్పగానే, నేను వెళ్తానని తనే అన్నాడు."

మామగారి వేళ్ళు కుర్చీ చేతిని తడుముకున్నాయి.

"జైలుకి పోకముందు... ఏం పని చేసేవాడు?"

"మిల్లు ఓనరు గారింట్లో కారు డ్రైవరండీ," అన్నాడు షాపతను.